విమానం బండిలో మాట

నేను అద్దెకున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. చాలావాటి గుమ్మాలు కూడా మరిచిపోయాను. మెట్ల కింద వ్యాను నిలిపి ఉండే ఆ ఇల్లు మాత్రం మరుపుకు రాదు. పై గది నాది. కింద రెండు గదుల్లో విమానం, వాళ్ళావిడ.

విమానం అన్నది వీధి పెట్టిన పేరు. కిటికీలకూ దుకాణాలకూ వేసే గాజు పలకల్ని వ్యానులో తీసుకెళ్ళి దింపడం ఆయన పని. ఆ వ్యాను మలుపు తిరగకముందే చప్పుడు ఇంట్లోకి వచ్చేసేది. ఎదురింటి దర్జీ మిషను ఆపి, "దిగుతోంది, దిగుతోంది, పక్కకి జరగండి!" అని అరిచేవాడు. పేరు అలా స్థిరపడింది.

ఆ చప్పుడెందుకో తెలియాలంటే కాస్త ఇంజను సంగతి వినాలి. విసుక్కోకండి, కథంతా అందులోనే ఉంది. ఇంజను వేడి తగ్గించడానికి ముందువైపు ఒక ఫ్యాను ఉంటుంది. దానికీ ఇంజనుకీ మధ్య అరచేతంత క్లచ్చి, అందులో చిక్కటి నూనె. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ క్లచ్చి పట్టు సడలి ఉంటుంది, ఫ్యాను నింపాదిగా తిరుగుతుంది. వేడెక్కితే పట్టు బిగుస్తుంది, ఫ్యాను ఊపందుకుంటుంది. అవసరమైనప్పుడే గొంతు పెంచే మనిషి లాంటిదన్నమాట. ఆయన బండిలో ఆ క్లచ్చి పదకొండేళ్ళ కిందట చెడిపోయింది. గాజు మోసే బండి నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోయే బండికి ఎదురుగాలి తగలదు కనుక ఫ్యానే దిక్కు. పని ఆగకూడదని ఆయన పాత క్లచ్చికి రంధ్రం చేసి, బోల్టు దూర్చి, కదలకుండా బిగించేశాడు. ఇక వేడున్నా లేకున్నా ఫ్యాను ఇంజనుతో పాటు హోరున తిరగడమే. రెండ్రోజులకని పెట్టిన బోల్టు అలాగే ఉండిపోయింది. దేశాలు తిరిగిన రోజుల్లో నేను దాటిన నదుల్లో సగం తాత్కాలికంగా కట్టిన వంతెనల మీదే దాటాను కాబట్టి నాకిది వింతగా అనిపించలేదు.

గాజు పలక ఒక్కరు మోసేది కాదు. రెండో కొస ఎప్పుడూ వాళ్ళావిడదే. పెళ్ళైన కొత్తలో ఒక కూలీని పెట్టుకుంటే మొదటిరోజే రెండు పలకలు పగలగొట్టాడట. మర్నాడు ఆవిడ తోలు చేతితొడుగులు వేసుకుని బండెక్కింది, మళ్ళీ దిగలేదు. ఆ హోరులో మాటలు సాగవు కనుక ముందున్న రేకు మీద వేళ్ళతో కొట్టేది. ఒక దెబ్బ కొడితే ఆగమని. రెండు కొడితే వెనక పలక కదిలిందని. రోజుకి ఆరేడు గంటలు పక్కపక్కన కూర్చున్న దంపతుల మధ్య భాష అంతే. ఆయన ఒకసారి నాతో గొప్పగా చెప్పాడు: "మా ఆవిడకి బండెక్కితే హుషారు పెద్దాయనా. దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంటుంది. వినపడదనుకోండి, పెదాలు కదలడం చూస్తుంటాగా."

ఆ ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో ఆవిడ గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, పడిశమన్నారు. చివరికి ఊరవతల పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, గొంతులో గడ్డ ముదిరిందనీ, స్వరపేటిక తీసెయ్యాలనీ చెప్పారు. ప్రాణానికి ఫరవాలేదు, మాట మాత్రం ఉండదు. బుధవారం పొద్దున పదింటికల్లా చేరాలి. ఆలస్యమైతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ నెలన్నర దాకా రాదు. గడ్డ నెలన్నర ఆగేది కాదు.

సోమవారం ఆయన మెట్లెక్కి వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"పెద్దాయనా, ఆవిడ నాకేదో చెప్పాలంటోంది."

"విను మరి."

"ఇప్పుడు కాదట. బుధవారం దారిలోనట. ఇంట్లోనే చెప్పవే అంటే ఏమందో తెలుసా? 'ఇంట్లో మీరు ఒకచోట ఎప్పుడున్నారు కనక? స్టీరింగు ముందు కూర్చుంటేనేగా కాలు నిలిచేది' అంది."

అది నిజమే. ఆ మనిషి కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. ఒక ముద్ద తిని కుళాయి బిగించేవాడు, ఇంకో ముద్ద తిని తలుపు గడియకి నూనె వేసేవాడు.

"అద్దె కారు మాట్లాడుకో తమ్ముడూ. నీ బండిలో ఏం వినిపిస్తుంది?"

"అదీ అన్నాను. పరాయి డ్రైవరు వింటుంటే చెప్పే మాట కాదట." నా తలుపు గడియ అటూ ఇటూ లాగి చూశాడు. "ఇప్పుడా గొంతు పక్కగదిలోకే రావడం లేదు పెద్దాయనా. మీ గూట్లో కొత్త క్లచ్చి డబ్బా ఉండాలి. నాలుగేళ్ళ కిందట ఆవిడే పోరుపెట్టి కొనిపించింది. వచ్చేవారం వేస్తా, వచ్చేవారం వేస్తా అంటూ..."

డబ్బా ఉంది. రెండేళ్ళ కిందట నేను గదిలో దిగినప్పుడు అది గూట్లో నిలబెట్టి ఉంది. నా పుస్తకాలు ఒరిగిపోతుంటే దాన్ని పడుకోబెట్టి పైన ఒక వరుస పేర్చుకున్నాను. ఇప్పుడు పుస్తకాలు దించి డబ్బా తీస్తే కింద చెక్క మీద జిడ్డు మరక కనిపించింది. నా తలనూనె సీసాదే అనుకుని గుడ్డతో తుడిచేశాను.

మంగళవారం మధ్యాహ్నం మెట్ల కింద పని మొదలైంది. తన బండి మీద పరాయి చెయ్యి పడనివ్వడు కాబట్టి ఆయనే మేస్త్రీ, నేను అందించేవాణ్ణి. రేడియేటరు సన్నటి రేకులకి దెబ్బ తగలకుండా ముందు అట్టముక్క అడ్డం పెట్టాడు. ఫ్యాను చుట్టూ ఉన్న తొడుగు విప్పాడు. క్లచ్చిని పట్టుకుని ఉండే పెద్ద నట్టుది ఎదురు మర. లోకమంతా బిగించే వైపు తిప్పితే అది వదులవుతుంది. పానా పెట్టి, దాని కొస మీద సుత్తితో దెబ్బ మీద దెబ్బ వేశాడు. పదకొండేళ్ళ తుప్పు ఊరికే వదులుతుందా?

"ఏమయ్యోయ్ విమానం, రెక్కలు పీకేస్తున్నావా?" అన్నాడు దర్జీ ఎదుటి అరుగు మీంచి.

"నీ నోటికి కూడా ఒక క్లచ్చి మిగిలింది, వెయ్యమంటావా?"

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. గొంతుకి మెత్తటి గుడ్డ చుట్టుకుంది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, గాలిలాంటి గొంతుతో, "అన్నయ్యగారూ, ఆయనకి పానా అందిస్తే సరిపోదు. వాడాక ఎక్కడ పెట్టారో కూడా మీరే గుర్తు పెట్టుకోవాలి," అంది. నవ్వబోయి, నొప్పెట్టి ఆగిపోయింది.

పన్నెండో దెబ్బకి నట్టు వదిలింది. కొత్త క్లచ్చికి ఫ్యాను రెక్కలు బిగించి, బండికి ఎక్కించి, ఆయన వేలితో ఒకసారి తిప్పి చూశాడు. రెక్కలు కాగితం గాలిమరలా తిరిగాయి, తిరుగుతూనే ఉన్నాయి.

"చూశారా పెద్దాయనా, వెన్నలా ఉంది!"

మంచి క్లచ్చిని చేత్తో తిప్పితే నూనె కాస్త వెనక్కి లాగినట్టుండాలి, అలా ఊరికే తిరగకూడదు. ఆ సంగతి నాకెలాగూ తెలియదు. ఆయనకి ఒకప్పుడు తెలిసే ఉండాలి. కానీ బోల్టు వేసి బిగించిన ఫ్యానునే పదకొండేళ్ళు చూసిన కళ్ళకి ఆ తేలికే గొప్పగా కనబడింది. ఇద్దరం మురిసిపోయాం.

బండి స్టార్టు చేశాడు. దర్జీ మిషను చప్పుడు వినిపించింది. ఎక్కడో పక్షి అరిచింది. ఆవిడ లేచొచ్చి తలుపు పట్టుకుని ఏదో అంది.

"ఏమన్నావే?"

"ఇదేనా మన బండి అన్నా."

"మళ్ళీ అను."

"ఇదేనా మన బండి!"

"ఇంకొక్కసారి."

"చాల్లెండి. ఉన్న నాలుగు మాటలూ దీనికే అయిపోతాయి."

ఆయన ముఖం వెలిగిపోయింది.

బుధవారం ఏడింటికి బయల్దేరాం. ఆసుపత్రిలో తోడుంటానని నేనూ వచ్చాను. వెనక గాజు పలకలు పెట్టే అరలో, రేకు గోడకి అవతల కూర్చున్నాను. గోడలో చిన్న కిటికీ ఉంది, అద్దం మూసేశాను. పాత సామాను పారెయ్యడం ఆయన ఒంట్లో లేదు. బోల్టు వేసిన ఆ పాత క్లచ్చి కూడా కొత్తదాని డబ్బాలో పానాలతో సహా నా కాళ్ళ దగ్గరే ఉంది.

మంచి రోడ్డు మీద గంట సేపు బండి హాయిగా పోయింది. ఎదురుగాలి ఉంది మరి. ఆవిడ మంచినీళ్ళు తాగడం, గుడ్డ సర్దుకోవడం, బయటికి చూస్తూ కూర్చోవడం కిటికీలోంచి కనిపించింది. చెప్పడానికి తొందరేముంది అనుకుని ఉంటుంది, ఇంకా గంట దారుందిగా. తర్వాత రోడ్డు తవ్వకాలు వచ్చాయి. బళ్ళన్నీ చీమల బారులా నిలిచాయి. ఆవిడ ఆయన వైపు తిరిగింది. ఆయన తల వంచి చెవి దగ్గరికి తెచ్చాడు. సరిగ్గా అప్పుడే ముందు నుంచి ఆవిరి బుస్సుమంది.

బండి పక్కకి లాగి మూత ఎత్తితే ఇంజను మండిపోతోంది, ఫ్యాను మాత్రం గాలికి ఊగే ఆకులా సోమరిగా తిరుగుతోంది. ఆయన ఇంజను ఆపి క్లచ్చి మీద గుడ్డ పెట్టి తుడిచాడు. గుడ్డ పొడిగానే వచ్చింది, అంటే ఇప్పుడు కారింది కాదు. వేలితో నెడితే అంత వేడిలోనూ రెక్కలు ఊరికే తిరిగాయి.

"లోపల చుక్క నూనె లేదు," అన్నాడు.

నేను డబ్బా ఎత్తుకొచ్చాను. వెలుతురులో మొదటిసారి దాని పక్కన ముద్రించింది చదివాను. బాణం గుర్తు, కింద ఒక వాక్యం: నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే నూనె కారిపోతుంది. ఏయే దేశాల్లోనో దొరికిన చిత్తుకాగితం కూడా వదలకుండా చదివినవాణ్ణి. రెండేళ్ళు నా పుస్తకాల కిందే ఉన్న ఆ ఒక్క వాక్యం చదవలేదు.

"తమ్ముడూ, దీన్ని పడుకోబెట్టింది నేనే."

ఆయన డబ్బా చూశాడు, నన్ను చూశాడు. "నాలుగేళ్ళు వెయ్యకుండా ఉంచింది నేను. మీది రెండేళ్ళే," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఎనిమిదిన్నర దాటింది. ఇంజను చల్లారేదాకా ఆగాలి. అలా అని ఎక్కువసేపు ఆగలేం. కారు పిలుద్దామంటే ఆ బారులోకి ఏ కారూ రాదు. ఆయన కొత్త క్లచ్చి విప్పి బోల్టు వేసిన పాతదే మళ్ళీ ఎక్కించాడు. ఈసారి నట్టు వెంటనే వదిలింది. చేతులు రెండు చోట్ల కాలాయి, పట్టించుకోలేదు. ఆవిడ రోడ్డు వార మైలురాయి మీద కూర్చుని చూస్తోంది. ఒకసారి ఆయన ఆగి, "ఇప్పుడే చెప్పేయవే, ఇక్కడే," అన్నాడు. పక్కన లారీలు హారన్లు కొడుతున్నాయి. రోడ్డు పనివాళ్ళు కంకర పోస్తున్నారు. ఆవిడ ముందు పని కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది.

నీళ్ళు పోసి స్టార్టు చేశాడు. విమానం లేచింది.

మిగతా దారి నాకు కిటికీలోంచి కనిపించింది, వినిపించలేదు. ఆవిడ ఆయన వైపు తిరిగి మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఆయన ఒక చెవి అటు పెట్టి, కళ్ళు రోడ్డు మీద పెట్టి, "ఏంటీ? ఏంటే?" అని అరుస్తున్నాడు. ఆవిడ ఆగలేదు, గొంతూ పెంచలేదు. పెంచడానికి లేదు కూడా. పదికి ఐదు నిమిషాలుండగా ఆసుపత్రి గేటు కనిపించింది. ఆవిడ వేలితో రేకు మీద ఒక దెబ్బ కొట్టింది.

ఆపరేషను బాగా జరిగింది. ఆవిడ కోలుకుంది, చేతితొడుగులు మళ్ళీ వేసుకుంది. ఆయన ఇంకో క్లచ్చి కొనుక్కొచ్చి, దాన్ని ఇంటిదాకా ఒళ్ళో నిలబెట్టి పట్టుకుని తెచ్చి, అదే రోజు బిగించాడు. ఇప్పుడా బండి వచ్చినా వీధికి తెలియదు. దర్జీ మాత్రం అలవాటు మానలేక, కళ్ళతో చూశాక అరుస్తాడు.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసే ముందురోజు ఆయన మెట్లెక్కి వచ్చి, మొదటిసారి నా కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఆవిడ నోటుపుస్తకం ఉంది.

"రోజూ అడుగుతున్నా పెద్దాయనా, ఆ రోజు దారిలో ఏం చెప్పావే అని. నిన్న రాసిచ్చింది."

పేజీ నా వైపు తిప్పాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.

'కొత్తగా చెప్పిందేమీ లేదు. పదకొండేళ్ళుగా రోజూ బండిలో చెబుతున్నదే. ఒక్కసారైనా మీకు వినబడేట్టు చెబుదామనుకున్నా.'

"కూనిరాగాలనుకున్నాను," అన్నాడు ఆయన. "అదేమిటో రాయవే అని బతిమాలాను. రాసే మాటలు కావట."

కుళాయి ఎక్కడో చుక్క చుక్కగా కారుతోంది. ఆయన లేచి వెళ్ళి దాన్ని బిగించలేదు.