తిరిగొచ్చిన ఇతరములు

మా ఆయన జీవితంలో ఎవరికీ పైసా లంచం ఇవ్వలేదు. ఈ ముక్క గొప్పకి చెప్పడం లేదు, కడుపు మండి చెప్తున్నాను. ఆయన ఇవ్వని పుణ్యానికి పెన్షన్ కాగితాలు రెండేళ్ళు ఏ బీరువాలో నిద్రపోయాయో దేవుడికే తెలియాలి. కరెంటు మీటరు మార్చమని అర్జీ పెడితే, కొత్త మీటరు వచ్చేసరికి మేం ఆ ఇల్లే ఖాళీ చేసేశాం.

ఆయన లెక్కల మాస్టారు. కూచిపూడి పక్క పల్లెల నుంచి విజయవాడ దాకా, బదిలీ అయిన చోటల్లా అద్దెకొంపే. పదకొండు ఇళ్ళు మారాను నేను. మేకు కొడితే గోడ పాడవుతుందనే ఓనరు ఒకడు, ఏడింటికల్లా మోటారు కట్టేసేవాడు ఇంకొకడు, చుట్టాలొస్తే గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టే ఓనరమ్మ మరొకతి. పెళ్ళినాటి ఫొటో ముప్పై ఐదేళ్ళు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. ఏనాటికైనా నా గోడకి నా మేకు కొట్టుకుంటానా అని ఏడ్చిన రోజులున్నాయండీ.

రిటైరైన డబ్బులతో, చచ్చీ చెడీ, ఆటోనగర్‌కి ఇవతల మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కుదిరింది. అమ్మేవాళ్ళకి ఇంకో బేరం రెడీగా ఉంది. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ కాకపోతే అడ్వాన్సు వెనక్కిచ్చి ఆ రెండో బేరానికే అమ్ముకుంటామని మొహం మీదే చెప్పారు. ఇంకా పదిరోజులే ఉన్నాయి.

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా డాక్యుమెంట్ రైటరు గారి గది. నెమ్మదైన పెద్దమనిషి. కాగితాలన్నీ చూసి ఖర్చుల చీటీ రాసిచ్చారు. స్టాంపు డ్యూటీ ఇంత, ఫీజు ఇంత, రాతకూలి ఇంత. అన్నిటికంటే కింద, "ఇతరములు, ఐదు వేలు."

మా ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఈ ఇతరములంటే ఏమిటండీ?"

గదిలో ఇంకో ఆరుగురున్నారు. అందరూ ఒక్కసారి ఫ్యాను వంక చూశారు.

"అదేనండీ మాస్టారూ, ఆఫీసు ఖర్చులు."

"వాటికి రసీదు ఇస్తారా?"

రైటరు గారు నవ్వి, ఆ వరస మీద పెన్నుతో గీత కొట్టేశారు. "మీ ఇష్టమండీ. కాకపోతే కాస్త ఆలస్యమైతే నన్ననకండి."

కాస్త ఆలస్యం! అదెంతుంటుందో నన్నడగండి చెప్తాను. ఆ గీత నా ఇంటి మీదే కొట్టినట్టనిపించింది. ఆటో ఎక్కబోతూ "అయ్యో, గొడుగు మర్చిపోయానండీ" అని వెనక్కి పరిగెత్తాను. కర్టెన్లకని దాచుకున్న ఐదు వేలూ రైటరు గారి చేతిలో పెట్టాను. "బాబ్బాబు, మా ఆయన చెవిన మాత్రం వెయ్యకండి. తెలిస్తే ఆ ఫ్లాటులో కాలు కూడా పెట్టరు" అన్నాను. ఆయన సరేనని తలూపారు.

మర్నాడు మా ఆయన జిరాక్సు తీయించుకొస్తానని వెళ్ళి గంటన్నరకి వచ్చారు. జిరాక్సు షాపు మా సందు చివరే. గంటన్నరెందుకు పట్టిందని నేనడగలేదు, నా దడ నాకే సరిపోయింది.

నాలుగు రోజులకి రిజిస్ట్రేషన్ ఒక్కపూటలో అయిపోయింది. పదింటికి వెళ్ళాం, ఫొటోలు తీశారు, వేలిముద్రలు వేశాం. ఒంటిగంటకి హోటల్లో భోజనం చేస్తున్నాం. ఆ వారమే ఫ్లాటులో దిగాం.

ఇక ఈయన్ని పట్టలేమనుకున్నాను. పైసా ఇవ్వకుండా ఎలా చేయించానో చూశావా అని అపార్ట్‌మెంటంతా చాటింపు వేస్తారని గట్టి గుండె చేసుకుని కూర్చున్నాను. చిత్రం, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎదురు ఫ్లాటాయన ఒకప్పుడు బస్సు కండక్టరు, కూపీ లాగందే నిద్రపట్టదు. "మాకు మూడు వారాలు పట్టిందండీ. మీకు ఒక్కపూటలో ఎలా అయింది మాస్టారూ?" అని అడిగాడు. మా ఆయన "పెరుగు తేవాలి" అని చెప్పులేసుకుని దిగిపోయారు. ఫ్రిజ్‌లో గిన్నెడు పెరుగుంది.

అయిపోయింది, నా సంగతి ఈయనకి తెలిసిపోయిందనుకున్నాను. కిటికీలకి పాత చీరలు కట్టాను. కర్టెన్లేవని ఒక్కసారైనా అడగరే! తెలిసే అడగట్లేదనుకుని లోపల్లోపలే చచ్చాను. కొత్త గోడ ఎదురుగా ఉన్నా, మేకు కొట్టాలన్న సరదా కూడా పోయింది.

నెల తర్వాత ఓ ఆదివారం పొద్దున్నే బెల్లు మోగింది. తలుపు తీస్తే, చంకలో సంచితో డాక్యుమెంట్ రైటరు గారు!

"కిందకి పదండి, అక్కడ మాట్లాడుకుందాం" అన్నాను గబగబా.

"కిందకి పదండి, టీ తాగుదాం" అన్నారు నా వెనక నుంచి మా ఆయన, అంతకంటే గబగబా.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రైటరు గారు పాపం మూడంతస్తులెక్కి రొప్పుతున్నారు. "మళ్ళీ దిగడం నావల్ల కాదండీ" అంటూ సోఫాలో కూలబడి, సంచిలోంచి రెండు కవర్లు తీసి టీపాయ్ మీద పెట్టారు.

"ఇది అమ్మగారిది. ఇది మాస్టారిది. మీ రిజిస్ట్రేషన్‌కి ముందురోజే కొత్తగా వచ్చిన ఆఫీసరు గారు పైసా ముట్టరండీ. టీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. నా కూలి నాకు ముట్టింది, ఇది ఉంచుకుంటే నాకరగదు. మీరిద్దరూ ఎవరికీ చెప్పొద్దన్నారుగా, నేనెవరికీ చెప్పలేదు."

మా ఆయన కవరు మీద ఆయన గుండ్రటి అక్షరాలు. "ఇతరములు, ఐదు వేల రూపాయలు మాత్రమే." కింద రైటరు గారి సంతకం.

"ఇన్నేళ్ళలో దీనికి రసీదు అడిగింది మాస్టారొక్కరేనండీ" అన్నారు రైటరు గారు. "వీల్లేదంటే, పోనీ కవరు మీద సంతకమైనా పెట్టమని గంటసేపు కూర్చున్నారు."

టీ తాగి ఆయన వెళ్ళిపోయారు. తేలుకుట్టిన దొంగల్లా మిగిలాం ఇద్దరం.

"నువ్వెందుకిచ్చావు?" అన్నారు.

"మీరు చెడగొడతారని. మీరెందుకిచ్చారు?"

"రైటరు గారు ఆ గీత కొట్టినప్పుడు నీ మొహం చూశాను. పదకొండు కొంపలు తిప్పాను నిన్ను. నా నీతి మూలాన ఇది కూడా పోతే..." అని ఆగిపోయారు.

దొందూ దొందే అని నవ్వొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. లోకం తెలియని మొద్దని ఈ మనిషిని ఎన్ని తిట్లు తిట్టానో! నాకోసం అంత పని చేశారంటే గర్వపడాలో సిగ్గుపడాలో నాకిప్పటికీ తెలియదు.

సాయంత్రం వెళ్ళి కర్టెన్లు తెచ్చాం. ట్రంకుపెట్టెలోంచి పెళ్ళి ఫొటో తీశాను. ఆయన సుత్తి పట్టుకుని, మేకు నోట్లో పెట్టుకుని స్టూలెక్కారు. ఎక్కడ కొట్టాలా అని వేళ్ళతో గోడ కొలుస్తుంటే కండక్టరాయన తలుపులోంచి తొంగిచూసి, మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

ఈసారి నేను వదల్లేదు. "పైసా లంచం ఇవ్వకుండా చేయించారండీ మా ఆయన!" అన్నాను గట్టిగా. అబద్ధమేముంది? ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగొచ్చాక ఇవ్వనట్టే కదా!

ఆయన నోట్లోంచి మేకు తీసి మరీ, "ఇద్దరం ఇచ్చామండీ, ఒకరికి తెలియకుండా ఒకరం. ఆఫీసరు గారే పుచ్చుకోలేదు" అన్నారు.

కండక్టరాయన నోరు తెరిచాడు. నా తల కొట్టేసినట్టయింది.

"సుత్తి ఇలా ఇవ్వండి" అన్నాను.

ఆయన జంకుతూనే ఇచ్చి, మేకు కూడా ఇచ్చి, స్టూలు దిగి పక్కకి జరిగారు. నేను ఎక్కి, నా గోడకి నా మేకు నేనే కొట్టుకున్నాను.