మొప్ప చూసే మావయ్య

బందరులో మా పక్కింటి మావయ్య ఏది కొన్నా చేపను కొన్నట్టే కొనేవాడు. మొప్ప ఎత్తి, లోపల ఎర్రగా ఉంటేనే చేప తీసుకునేవాడు. గొడుగు కొన్నా, కుర్చీ కొన్నా అదే మాట: "ముందు మొప్ప చూపించవయ్యా."

ఒకరోజు వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడని నన్ను వెంటబెట్టుకెళ్లి పండుగప్ప చేప కొన్నాడు. ఐసు వేయమంటారా అని చేపలామె అడిగితే, "ఇల్లెంత దూరమమ్మా" అన్నాడు. దారిలో ఫోను కూడా కొందామని నన్ను షాపులోకి లాక్కెళ్లాడు. డబ్బాలో ఛార్జరు లేదు.

"పర్యావరణం కోసం కంపెనీవాళ్లు తీసేశారండీ," అన్నాడు షాపతను.

"మరి ఛార్జింగు దేంతో పెట్టుకోవాలి?"

"విడిగా అమ్ముతామండీ. ఇదిగో, ఈ డబ్బాలో ఉంది."

"ఒక డబ్బాను రెండు డబ్బాలు చేస్తే పర్యావరణం బాగుపడిందా? ఏదీ, మొప్ప చూపించు!"

గ్రంథాలయంలో పేపర్లన్నీ చదివేవాణ్ణి కాబట్టి నేనూ ఊరుకోలేకపోయాను. "పాత ఛార్జరు ఉన్నవాళ్ల ఇంట్లో చెత్త నిజంగానే తగ్గుతుంది మావయ్యా. కాకపోతే ఎంత తగ్గిందో కంపెనీయే చెప్పుకుంటే చాలదు, బయటివాళ్లెవరైనా తేల్చాలి," అన్నాను.

"బయటివాణ్ణి నేను లేనూ!" అంటూ మావయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎండ నడినెత్తికొచ్చేదాకా వాదించి, చివరికి రెండు డబ్బాలూ కొన్నాడు.

ఇంటికి చేరేసరికి వియ్యంకుడు వసారాలో కూర్చుని ఉన్నాడు. అత్తయ్య సంచి విప్పి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, చేప మొప్ప ఎత్తింది. నల్లబడిపోయింది.

"ఇంత ఎండలో కాస్త ఐసైనా వేయించలేదేంటండీ?"

మావయ్య వియ్యంకుడి వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"పర్యావరణం కోసమే," అన్నాడు.