కళ్ళకద్దుకున్న కత్తెర

నా చిన్నప్పుడు, సింగపూర్లోని యూ టీలో మేముండే ఫ్లాటుకి పక్క ఫ్లాటులో రోజూ మధ్యాహ్నం బెలూన్లు పగిలేవి. ముందు చాలాసేపు మెత్తటి నిశ్శబ్దం. ఆ తర్వాత ఠప్పుమని చప్పుడు. ఆ వెంటనే "అయ్యో రామా!" అంటూ పక్కింటి అక్క గొంతు. ఎదురు ఫ్లాటులోని చైనా తాతగారు తలుపు సందులోంచి తొంగిచూసి "బర్త్‌డే ఆ?" అని అడిగేవారు. అక్క నవ్వుతూ తల అడ్డంగా ఊపేది. ఆమె మోచేతుల దాకా సబ్బు నురగ ఉండేది.

కంప్యూటర్ ఉద్యోగాల మీద మనవాళ్ళు గుంపులు గుంపులుగా సింగపూర్లో దిగుతున్న రోజులవి. మా నాన్నగారూ, పక్కింటి అక్క భర్తా ఒకే ఆఫీసులో పనిచేసేవారు. ఏడాది మధ్యలో రావడంతో నాకు బళ్ళో చోటు దొరకలేదు. అమ్మే చదువు చెప్పేది. పొద్దున దీపం పెట్టాక లెక్కలు, అన్నం వార్చాక తెలుగు, తర్వాత కాసేపు ఇంగ్లీషు. చోటు దొరికే వేళకి ఆ చదువు మా ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే, నేనిక బడి గడప తొక్కనే లేదు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి మధ్యాహ్నాలన్నీ తనవే కావడం భగవంతుడిచ్చిన వరం. నేను వాటిని పక్కింట్లో గడిపేదాన్ని.

అక్క వాళ్ళ నాన్నకి తునిలో సెలూన్ ఉండేది. చిన్నతనంలో ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళి, అక్కడే కూర్చుని చూసి చూసి పని నేర్చేసుకుంది. అయితే తునిలో చూసి నేర్చుకున్న విద్యకి ఇక్కడ కాగితం కావాలి. మా స్టేషన్ దగ్గరి సెలూన్ యజమానురాలు అక్కకి ఒక కుర్చీ ఇస్తానంది, పని అనుమతి కోసం తనే రాస్తానంది. కాకపోతే ముందు శిక్షణ పూర్తిచేసి, పరీక్ష ప్యాసై, సర్టిఫికెట్ తెచ్చి చూపించాలి. ఆ పరీక్ష రెండు భాగాలు. మొదట బెలూన్‌కి నురగ పూసి, అది పగలకుండా, గడ్డం గీసినట్టు కత్తితో గీకాలి. తర్వాత మనిషి జుట్టు కత్తిరించాలి. ఆ మనిషిని ఎవరికి వారే వెంట తెచ్చుకోవాలి.

ఒక సాయంత్రం బ్లాకు కింద పిల్లల్ని ఆడిస్తున్న మన ఆడవాళ్ళలో ఒకావిడ, "మొగుడేమో కోడింగు, పెళ్ళామేమో కటింగు!" అంది. అందరూ పకపకా నవ్వారు. అక్క కూడా నవ్వి, "మీ ఆయనకి నాతో పనిలేదులెండి, దేవుడే చేసి పంపాడు" అంది. ఆవిడ భర్తది నున్నటి బట్టతల. ఈసారి నవ్వులు ఇంకా గట్టిగా వినిపించాయి. లిఫ్టులోకి వచ్చాక మాత్రం అక్క నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. "ఆ కుర్చీ దొరకాలే తల్లీ. ఈ ఊళ్ళో నాదంటూ ఒక్క కుర్చీ ఉండాలి" అంది.

పరీక్ష పనిరోజున పడింది. మగవాళ్ళంతా ఆఫీసుల్లో, పిల్లలంతా బళ్ళలో ఉంటారు. నవ్విన ఆడవాళ్ళని అడగడం అక్కకి ఇష్టం లేదు, అమ్మ జుట్టేమో తిరుపతి మొక్కుది. మిగిలింది నేనే. "మెడ దాకా కత్తిరించుకో, అంతకు మించి వద్దు" అని అమ్మ ఒప్పుకుంది.

ఆ హాలు నాకిప్పటికీ కలలో చూసినట్టే గుర్తుంది. రెండు వైపులా నిలువుటద్దాలు. ఒక అద్దంలో ఇంకో అద్దం, దాన్లో మరొకటి, లోలోపలికి పోతూ ఎంతమంది నేనులో! ముందు బెలూన్ వంతు. బెలూన్ పగల్లేదు. పరీక్ష చెయ్యడానికి వచ్చిన, మా అమ్మమ్మ వయసున్న చైనా ఆవిడ ఒకరు, అట్టకి బిగించిన కాగితం మీద ఏదో రాసుకుంటూ తలూపారు. అక్క నా జుట్టు మీద సన్నటి జల్లు చల్లుతుంటే కళ్ళు మూతలుపడ్డాయి. అక్క చేతులు కడుక్కుంది. క్రిములు పోవడానికి పెట్టిన నీలం మందునీళ్ళలోంచి కత్తెర తీసి, కొత్త గుడ్డతో తుడిచి, నా జుట్టు మీదికి వంగింది.

ఇంట్లో అక్క ఎప్పుడు కత్తెర తీసినా ముందు కళ్ళకద్దుకునేది. వాళ్ళ నాన్న అలవాటది. మా అమ్మ పుస్తకం తెరిచే ముందూ అంతే. దండం పెట్టుకోకుండా ఇంత పెద్ద పని మొదలుపెడితే ఏమవుతుందోనని భయమేసింది. "అక్కా, దండం పెట్టుకోలేదు" అని గొణిగాను.

అక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కత్తెర మెల్లగా పైకి లేచి, ఒక కంటికి తాకింది, రెండో కంటికి తాకింది.

"స్టాప్."

పరీక్ష చేసే ఆవిడ మా వెనకే ఉన్నారు. మందులో కడిగిన పనిముట్టు ఇక జుట్టుని తప్ప దేన్నీ తాకకూడదట. శిక్షణలో నేర్పే మొదటి నియమం అదే. ఆవిడకి కోపం రాలేదు, నిజంగా నొచ్చుకున్నారు. "యువర్ ఐస్ ఫస్ట్, దెన్ చైల్డ్ హెడ్. కెనాట్ లా" అని సింగపూర్ యాసలో అంటూ కాగితం మీద అడ్డగీత గీశారు. మళ్ళీ పరీక్ష మూడు వారాల తర్వాత.

రైల్లో కత్తిరించని తడిజుట్టు నా వీపంతా తడిపింది. అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇల్లు చేరగానే అమ్మ ఆత్రంగా ఏమైందని అడిగింది. నేను అక్క వెనక నక్కాను. ఇప్పుడు చెప్పేస్తుంది, నా పేరు చెప్పేస్తుంది అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

"నా చెయ్యే తొందరపడింది వదినగారూ" అంది అక్క. అంతే. నా పేరు రాలేదు.

ఇక నేను పక్కింటికి వెళ్ళడం మానేశాను. సెలూన్ యజమానురాలు నెల దాకా చూస్తానందనీ, ఆ తర్వాత కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానందనీ అమ్మ నాన్నగారితో చెబుతుంటే విన్నాను. దేవుడి ముందు కూర్చుంటే శ్లోకం సగంలో ఆగిపోయేది. దండం పెట్టమన్నది ఆయన కోసమే కదా, మరి ఆయనెందుకు ఊరుకున్నాడు?

నాలుగో రోజు అక్కే మా గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికి మాయమైపోయావే? బెలూన్లు ఊదలేక నా బుగ్గలు పోతున్నాయి. పరీక్షకి మళ్ళీ నువ్వే రావాలి" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. "నేను రాను. నీ కుర్చీ నావల్లే పోతోంది. ఇంకెవర్నైనా తీసుకెళ్ళు" అన్నాను.

అక్క నా పక్కనే చతికిలబడి, కొంగుతో నా ముక్కు తుడిచింది. "మా నాన్న కత్తెర ఎందుకు కళ్ళకద్దుకునేవాడో తెలుసా? తన చేతి కింద కూర్చున్న తలకి కీడు జరక్కూడదని. వీళ్ళు కోరేదీ అదేనే. మనం కళ్ళతో పెట్టే దండం, వీళ్ళు మందునీళ్ళతో పెడుతున్నారు. నాకు ఆ సంగతి తెలిసి కూడా చెయ్యి అటే పోయింది. నువ్వు గుర్తు చేశావు, తప్పు చేసింది నేను" అంది. ఆ తర్వాత లేచి వెళ్తూ, "ఇంకెవర్నో తీసుకెళ్తే నువ్వు జీవితాంతం ఇలాగే ఏడుస్తావు. నోరు మూసుకుని వచ్చి కూర్చో" అంది.

మూడు వారాల తర్వాత అదే హాలు, అదే కుర్చీ. నేను పెదాలు బిగించి కూర్చున్నాను. అక్క చేతులు కడుక్కుంది. కత్తెర తీసింది, తుడిచింది. నా తల వెనక గాలిలోనే ఒక్క ఊపిరి సేపు ఆగింది. కత్తెర దేన్నీ తాకలేదు. ఆ ఊపిరిలో అక్క దేవుణ్ణే తలచుకుందని నాకు తెలుసు. నేనూ తలచుకున్నాను. అంత నిండైన పూజ నేను మళ్ళీ చూశానో లేదో చెప్పలేను. తర్వాత కత్తెర చప్పుడు, వాన మొదలైనట్టు. జుట్టు మెత్తమెత్తగా భుజాల మీద రాలుతుంటే నేను నిజంగానే నిద్రపోయాను.

లేచేసరికి అక్క చేతిలో ప్యాసైన కాగితం, కళ్ళలో నీళ్ళు. పరీక్ష చేసిన ఆవిడ నా మెడ దగ్గర జుట్టు వేలితో కొలిచి "నైస్ లా" అన్నారు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, మొదటిసారి ఏం జరిగిందో అమ్మకి నేనే చెప్పేశాను. అమ్మ నన్నూ, అక్కనీ మార్చి మార్చి చూసింది. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది. "ముందు జుట్టు కుదిరిందో లేదో చెప్పండి వదినగారూ" అంది అక్క.

కుర్చీ అక్కకే దక్కింది. అక్క నన్ను క్షమించానని ఒక్కసారి కూడా అనలేదు. నేను పాడుచేసిన చోటికే మళ్ళీ పిలిచింది. నాకు క్షమ అంటే ఏమిటో అలా తెలిసింది. ఆ తల్లికి నేను చెప్పుకోవాల్సిన కృతజ్ఞత ఈ జన్మలో తీరదు.

ఇప్పుడు సింగపూర్లోనే సెరంగూన్లో ఉంటున్నాను. పర్వదినాల్లో నలుగురం కలిసి ప్రసాదాలు వండుతాం. కిందటి కార్తీకంలో ఒక సోమవారం, కొత్తగా వచ్చిన ఒకావిడ పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసేసింది. దేవుడికి పెట్టడానికి పనికిరాకుండా పోయింది. ఇక వంటవైపు రానని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మరుసటి సోమవారానికి ముందే నేను ఆవిడకి ఫోన్ చేశాను. "పులిహోర మీరే కలపాలి" అన్నాను. అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

తర్వాత, "ఎన్నింటికి రమ్మంటారు?" అంది.