రేసుకారుకు ఇసుక కాపడం

జలంత్రకోట సన్యాసయ్యకు రెండు గొప్పలు. ఒకటి మీసం. రెండోది, కొబ్బరిపీచు కొట్టంలో గోనెపట్టాల కింద ఐదేళ్లుగా నిద్రపోతున్న ఎర్ర రేసుకారు. కారు తోటల ఆసామి నారాయణమూర్తిదే అనుకోండి, తోలినవాడు మాత్రం సన్యాసయ్య. ఆసామి మద్రాసుకు కాపురం మార్చాక డ్రైవరు కాస్తా తోట కాపలాదారయ్యాడు. అయినా "కాపలా సన్యాసీ" అని పిలిస్తే పలికేవాడు కాదు.

పుష్యమాసంలో కబురొచ్చింది. ఆసామి మద్రాసు మెయిల్లో పలాసలో దిగుతున్నారు. కారు స్టేషనుకు వస్తే సన్యాసయ్య మళ్లీ డ్రైవరు. రాకపోతే దాన్ని పాత ఇనుము కింద అమ్మేస్తారు.

ముందురోజే సన్యాసయ్య కార్బురేటరు విప్పాడు. లోపల పాత పెట్రోలు బెల్లంపాకంలా అంటుకుపోయి ఉంది. గీకి, కడిగి, సన్నటి రంధ్రాన్ని కొబ్బరి ఈనెతో పొడిచి బాగుచేశాడు. కొత్త పెట్రోలు ట్యాంకులో పోశాడు. ఇదంతా పదిమంది చూస్తుండగా దర్జాగా చేశాడు; ఆ దర్జాలో ట్యాంకులోకి తొంగి చూడలేదు, అదే అతని కొంప ముంచింది.

తెల్లవారి, మంచు కురుస్తుండగా హ్యాండిలు తిప్పాడు. కారు ఉలకలేదు. చొక్కా తడిసేదాకా తిప్పాడు.

"బావా, ఎడ్లు తోలుకురానా?" అన్నాడు పక్కింటి పోలారావు, చుట్ట ఆర్పేసి చెవిలో పెట్టుకుంటూ.

సన్యాసయ్య వినిపించుకోలేదు. ట్యాంకు కింద గొట్టం ఊడదీశాడు. చుక్క రాలేదు. నోరుపెట్టి గట్టిగా పీల్చాడు. తెల్లటి ముద్దొకటి జారి మీసానికి అంటుకుంది.

భార్య పైడితల్లి దగ్గరికొచ్చి ముక్కు ఎగపీల్చింది. "కొబ్బరినూనె, మావా."

"కారులో కొబ్బరినూనె ఎవుడు పోత్తాడే?"

"నువ్వే పోసేవు. పెట్రోలు వొంపేసి, ట్యాంకు తుప్పట్టదని నా నూనికుండ బోర్లించేవు గాదేటి? వారం దినాలు నాను ఎండు తలతో తిరిగినాను."

వానాకాలం ముందు కత్తికీ గొళ్లేనికీ తాళంకప్పకీ కొబ్బరినూనె పట్టించే ఊరది. సన్యాసయ్య కారునూ వదల్లేదు. పట్టించి మరిచిపోయాడు. చలికి నూనె గడ్డకట్టి గొట్టాన్ని బిగించేసింది.

"నిప్పుసెగ సూపిద్దుమా?" అన్నాడు పోలారావు.

"నీ కొంపకి సూపించుకో, బావా. పెట్రోలది."

పైడితల్లి పెరట్లోకి వెళ్లింది. దూరంగా పొయ్యి మీద ఇసుక వేయించి గుడ్డలో మూటగట్టి తెచ్చింది. సన్యాసయ్య మోకాలి నొప్పికి ఆమె రోజూ పెట్టే కాపడమే అది. ముందు గొట్టానికి, తర్వాత ట్యాంకు అడుక్కి అద్దింది. కాసేపటికి నూనె చుక్కచుక్కగా కారింది, దాని వెనక పెట్రోలు దూకింది. సన్యాసయ్య ట్యాంకు మొత్తం వొంపేసి, మిగిలిన పెట్రోలు డబ్బాలోంచి కాస్త పోసి కడిగి, మిగతాదంతా నింపాడు. నాలుగోసారి తిప్పేసరికి కారు దగ్గింది, తుమ్మింది, గర్జించింది. పోలారావు రెండడుగులు వెనక్కి వేశాడు.

పలాసలో ఆసామి కారెక్కుతూ ఆగారు. "గారెల వాసనేమిటిరా?"

"హోటలు బాబూ, పక్కనే ఉన్నాది."

హరిపురం దాటాక ఆసామి మళ్లీ గాలి పీల్చారు. "ఆ హోటలు మన వెంటే వస్తున్నట్టుంది."

సన్యాసయ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. మీసం మాత్రం తుడుచుకున్నాడు.

"రేపు పొద్దున్నే బారువ వెళ్లాలి, డ్రైవరూ," అన్నారు ఆసామి నవ్వాపుకుంటూ. "ట్యాంకులో పెట్రోలొక్కటే పొయ్యి."

ఆ సాయంత్రం సన్యాసయ్య నిండు నూనెకుండ తెచ్చి పైడితల్లి ముందు పెట్టాడు.

"ఇది నీ తలకే," అన్నాడు.

ఆమె కుండను కారుకు దూరంగా, అటక మీద పెట్టింది.