బాబాయి ఊదారంగు

మా బాబాయి ఒకే రంగు వెలుతురులో కాసేపు కుదురుగా కూర్చోలేడు. మిగతా విషయాల్లో మహా నిదానం మనిషి. చొక్కా మార్చమంటే రేపంటాడు, ఇల్లు మారదామంటే వచ్చే ఏడంటాడు. లైటు రంగు మాత్రం ఇప్పటికిప్పుడు మారాలి.

వృత్తి ఎలక్ట్రీషియన్. ఊళ్లో వాళ్లందరికీ తెల్ల దీపాలు బిగించి, తన ఇంట్లో మాత్రం గదిగదికీ పైకప్పు అంచున రంగులు మారే పట్టీలు అతికించుకున్నాడు. రిమోటు చొక్కా జేబులోనే ఉంటుంది. పిన్ని వడ్డించడానికి వచ్చేసరికి గది నీలంగా ఉంటుంది.

"ఏమండీ, కూర మాడిందో లేదో తెలియట్లేదు. కాస్త తెల్లగా పెట్టండి."

"నీలంలో మాడింది కనపడదే. నీకే మంచిది."

ఒకసారి పిన్నికి జ్వరమొస్తే డాక్టరు ఇంటికొచ్చాడు. ఆవిడ కళ్లు చూసి కామెర్లన్నాడు. గదిలో పసుపురంగు వెలుగుతోంది మరి. నాలుక చాపమనేలోగా బాబాయి ఆకుపచ్చకు మార్చాడు. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, ముందు లైటు మార్పించండి. జబ్బు సంగతి తరవాత చూద్దాం" అన్నాడు. బాబాయి గులాబీ రంగు పెట్టాడు. "ఇప్పుడు చూడండి డాక్టరుగారూ, ఎంత ఆరోగ్యంగా ఉందో."

ఇలాంటి మనిషి చేతిలో మా వీధిలోని నాటక సంఘం స్టేజీ లైట్లు పెట్టింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆ నాటకాలు రాసేది నేను. దొరికిన పుస్తకమల్లా చదివి, లోకం మీద ఉన్న కోపమంతా కూడబెట్టి, కష్టపడి ఒక విషాదాంతం రాసేవాణ్ణి. సరిగ్గా చావు సీనులో స్టేజీ ఊదారంగుకు తిరిగేది. శవం పక్కన ఏడుస్తున్న తండ్రి వంకాయలా కనిపించేవాడు. జనం ఈలలు వేసి లైట్లవాణ్ణి తిట్టేవాళ్లు. నా విషాదం వాళ్లకు వినోదమయ్యేది.

పని రాదనడానికి లేదు. నిచ్చెనెక్కి ప్రతి దీపం వెనకా దానికో నంబరు పెట్టేవాడు. బోర్డు మీద ఆ నంబరు మీట జరిపితేనే ఆ దీపం పలుకుతుంది. రెండింటికి ఒకే నంబరు పడితే రెండూ కలిసి పలుకుతాయి. బాబాయికి నంబర్ల కన్నా చుట్టరికాలు బాగా గుర్తుంటాయి. అందుకని కుడివైపు దీపం వియ్యంకుడు, ఎడమవైపుది వియ్యపురాలు, నడినెత్తిన వేలాడేది అత్తగారు.

"అత్తగారు వెలగట్లేదేం బాబాయ్?"

"అలిగింది. వైరు కాస్త కదిపితే సర్దుకుంటుంది."

చివరికి సంఘం సెక్రటరీకి ఓపిక నశించింది. ఆయన కొత్త బోర్డు తెప్పించాడు. ఏ సీనుకు ఏ రంగో ముందే అందులో దాచిపెట్టి, సీను మారినప్పుడు బటన్ నొక్కితే చాలు. "ఈసారి ఒక్క తప్పుడు రంగు వచ్చినా బోర్డు మా బావమరిదికి అప్పగిస్తాను" అని బాబాయికి చెప్పేశాడు. నా వైపు తిరిగి, "ఏవోయ్, నీ నాటకమేగా. పక్కనే కూర్చో. ఆయన చెయ్యి కదిపితే పట్టుకో" అన్నాడు. బాబాయికి ఆ బోర్డు ప్రాణమని నాకు తెలుసు. అయినా సంతోషంగా కాపలాకి ఒప్పుకున్నాను.

కొత్త బోర్డుతో వేసిన మొదటి నాటకంలో జడ్జి వేషం టైలరుగారిది. మా సంఘంలో పెద్ద వేషాలన్నీ ఆయనవే. ఎన్నడూ ఒక్క మాట మరిచిపోలేదని ఆయనకు గొప్ప పేరు. మొదటి సీన్లు నేను కలగన్నట్టే నడిచాయి. బాబాయి సీను మారినప్పుడు బటన్ నొక్కి, మళ్లీ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, నోరు కట్టేసిన పిల్లిలా కూర్చున్నాడు.

కోర్టు సీనులో జడ్జి కన్నకొడుక్కి శిక్ష వెయ్యాలి. "వాడు దొంగయితే, వాడికి ఆకలి నేర్పిన నేనెవర్ని?" అన్నది నాటకానికి గుండెకాయ. టైలరుగారు లేచి నిలబడి, "వాడు దొంగయితే" అని ఆగారు.

ఎంత బాగా ఆగారో అనుకున్నాను. ఆయన ఇంకా ఆగారు. చేతులు నల్లకోటు గుండీలు వెతుక్కుంటున్నాయి. ముందు వరసలో ఎవరో దగ్గారు. బాబాయి చెయ్యి తొడ కింద నుంచి బయటికొచ్చింది. గబుక్కున పట్టుకున్నాను.

"వద్దు బాబాయ్. బోర్డు పోతుంది."

"వదలరా. ఆయన మరిచిపోయాడు."

"ఆయన మరిచిపోవడమేంటి?"

"కొన్నేళ్లుగా మరిచిపోతూనే ఉన్నాడు. నేను ఊదా ఎందుకేస్తున్నాననుకున్నావ్?"

"మరి ఇంట్లో?"

"ఇంట్లో నా సరదా. వదలరా, జనం ఆయన్ని చూసి నవ్వుతారు. నన్ను తిడితే నాకేం? ఈ లైట్లకి సిగ్గు లేదు, ఆయనకుంది."

నా చెయ్యి వదులైంది. వియ్యంకుడు, వియ్యపురాలు, అత్తగారు అంతా ఊదారంగుకు తిరిగారు. హాలు గొల్లుమంది. అందరూ వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తూ అరిచారు. స్టేజీ వైపు చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ గోలలో టైలరుగారు కళ్లు మూసుకుని, మాట వెతుక్కుని, తెరిచారు. బాబాయి మెల్లగా ఎర్రరంగు తెచ్చాడు. ఆయన ఆ వాక్యం చెప్పాక హాల్లో చిన్న చప్పుడు కూడా లేదు.

తెర పడగానే ఆయన కోటుతోనే దిగి వచ్చారు. వెనకాలే సెక్రటరీ.

"ఏమయ్యా, నీ లైట్ల వల్లే కదా నేను ఆగాల్సొచ్చింది. లేకపోతే నేనాగే మనిషినా?"

"నిజమేనండి, పొరపాటైపోయింది" అన్నాడు బాబాయి తలొంచుకుని.

నేను నోరు తెరవబోతే బాబాయి నా కాలు తొక్కాడు. బోర్డు బావమరిదికి పోయింది. ఆ కుర్రాడికి పని నేర్పడానికి మాత్రం బాబాయే వెళ్లాడు. తలుపేసుకుని ఏం నేర్పాడో ఇద్దరూ చెప్పలేదు.

తరవాతి నాటకానికి మేమిద్దరం జనంలో కూర్చున్నాం. టైలరుగారు గుడ్డివాడి వేషంలో అద్భుతంగా మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగారు. బాబాయి కుర్చీ అంచుకు జరిగాడు. మరుక్షణం స్టేజీ నిండా ఊదా.

బాబాయి అందరికన్నా ముందు లేచి, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు. "ఏం లైట్లయ్యా ఇవి? మా రోజుల్లో ఇలా ఉండేవా?"

వెనక వరసలోంచి ఒక పెద్దాయన అన్నాడు, "మీ రోజుల్లో ఇంకా ఘోరం. కూర్చోండి."