జమునకు నేను ఏరి ఇచ్చిన పెన్ డ్రైవ్

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు తెరవబోతే ఇంకేదో మాట చెప్పి లేచిపోతున్నాను. ఏళ్ళ తరబడి ఇదే వరస. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా, దేవుడి ముందు దీపం పెడుతున్నా లోపల ఏదో బరువు కదులుతూనే ఉంటుంది.

హుకుంపేటలో మాకో చిన్న షాపు ఉంది. జిరాక్సు, ఫొటోలు, రీచార్జి, ఫోన్ సామాను. మాది విజయనగరం వైపు. పెళ్ళయ్యాక ఈ కొండల మీదికి వచ్చాం. మా ఆయన సరుకు కోసం విశాఖ వెళ్తే కౌంటర్ నాదే. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. అది అందరికీ తెలుసు. మిగతాది ఎవరికీ తెలియదు.

ఒక సంత రోజు జమున వచ్చింది. పై కొండ ఊరి మనిషి, కాఫీ పళ్ళ కోతకి వెళ్ళేది. ఘాట్ రోడ్డులో జీపు బోల్తా పడి భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చంకలో పిల్ల, చేతిలో అతను వాడిన ఫోన్. అది మాటిమాటికీ ఆగిపోతోందట. అందులో అతని ఫొటోలు, వీడియోలు. ఊట దగ్గర పిల్ల కాళ్ళు కడుగుతూ "నాన్న అను, అనవే గుంటా" అని అతను బతిమాలుతున్న వీడియో నాకు చూపించింది.

"ఇవన్నీ పెన్ డ్రైవులో ఎక్కించి ఇయ్యక్కా. ఏది మంచిదో నువ్వే ఏరు, నాకేటి తెలుసు? గుంట పెద్దదైనాక ఆళ్ళ నాన్న గొంతు ఇనాల."

నేనే ఏరాను. ఇక్కడే ఉంది నా పాపం. సొరుగులో మంచి కంపెనీది ఒక్కటే మిగిలింది. పక్కన పేరూ ఊరూ లేని రకం డబ్బాడు ఉన్నాయి. వాటిలో కొన్ని అంతకుముందే తిరిగొచ్చాయి. బోలెడంత చోటున్నట్టు పైకి చూపిస్తాయి, కొంచెం ఎక్కించాక లోపలికి ఏమీ వెళ్ళదు, వెళ్ళినట్టు నటిస్తాయి. నాకు తెలుసు. తెలిసీ మంచిదాన్ని పక్కకి తోశాను. ఎందుకు? మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు దాచుకోవడానికి. విశాఖ నుంచి ఇంకోటి తెప్పించుకోవచ్చు కదా? తెప్పించుకోవచ్చు. ఆ బుద్ధి ఆ క్షణాన ఏ గంగలో కలిసిందో! జనం మీద పడుతున్నారు, త్వరగా పంపించేద్దామనుకున్నాను, ఏమీ కాదులే అనుకున్నాను, కొండ మీది మనిషి ఎన్నిసార్లు తెరిచి చూసుకుంటుందిలే అని కూడా అనుకున్నానా? అనుకున్నాను. రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఎక్కించడం అయిపోయినట్టు కంప్యూటర్ చూపించింది. నేను తెరిచి చూడలేదు. ఫోన్‌లో చోటు మిగులుతుందని అందులోవి చెరిపేశాను. "పోవు కదక్కా?" అని అడిగింది జమున. "ఎక్కడికి పోతాయే!" అన్నాను.

వానలు వెళ్ళాక మళ్ళీ వచ్చింది. చెల్లెలి ఇంట్లో టీవీకి పెట్టి చూశారట. మొదటి కొన్ని ఫొటోలు తప్ప ఏదీ తెరుచుకోలేదు. కంప్యూటర్‌కి పెట్టగానే సంగతి నాకు అర్థమైంది. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు. భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

"ఎక్కడ పెట్టావు దీన్ని?" అని గదమాయించాను.

"పొయ్యి మీద అటకనక్కా. ఇత్తనాలు దాసిన సొరబుర్రలో. ఆనలకి సెమ్మ తగల్దని."

కొండ ఊళ్ళలో ఇంటిలో విలువైనది ఉండే చోటు అదే. మరుసటి ఏడు చల్లాల్సిన చోడి, అదే రాగి విత్తనం పురుగు పట్టకుండా, చెమ్మ తగలకుండా పొయ్యి పొగలో ఉంచుతారు. భర్త గొంతుని కూడా అక్కడే దాచింది పిచ్చితల్లి. నాకు తప్పించుకునే దారి దొరికింది.

"పొగా సెగా తగిలితే ఉంటాయా మరి?" అన్నాను.

"నానే కాల్సీసినానా అక్కా?"

"కాదా మరి?"

షాపు మెట్ల మీద కూలబడి తల బాదుకుంది. వెళ్ళి మంచినీళ్ళు ఇచ్చాను. ఏం మనిషిని నేను! సెగకి పాడైతే మొదటి ఫొటోలు మాత్రం ఎలా బతికాయని ఆమె అడగలేదు. నన్ను నమ్మింది. ఫోన్ అప్పటికింకా ఆమె చేతిలోనే ఉంది. నిజం చెప్పి దాన్ని విశాఖలో తెలిసినవాళ్ళకి పంపిస్తే కొన్నైనా తిరిగొచ్చేవేమో. ఆ దారి కూడా మూసేశాను.

ఆ డబ్బా మొత్తం చెత్తలో పారేశాను. అప్పట్నుంచి ఎవరి ఫైళ్ళు ఎక్కించినా ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను. "ఏటమ్మా, మా పెళ్ళి సినిమా అంతా నువ్వే సూసేత్తన్నావు" అని జనం నవ్వుతారు. మా ఆయన విసుక్కుంటాడు. నాకు కుదురు లేదు.

మొన్న జమున కూతురు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుతోంది, తల్లి కంటే పొడుగైంది. చదువు ఫైళ్ళు దాచుకోవడానికి పెన్ డ్రైవ్ కావాలంది. వెనకాలే జమున.

"మంచిది ఇవ్వండి ఆంటీ. మా అమ్మలాగ పొయ్యి మీద పెట్టి కాల్చుకోనులెండి" అని నవ్వింది పిల్ల.

జమున కూడా నవ్వింది, తల దించుకుని. "దీని నాన్న గొంతు దీనికి తెల్దక్కా. నా సేతుల్తో నానే సేసుకున్నాను" అంది. ఈ మాట ఎంతమందికి చెప్పుకుందో, ఏడుపు కూడా రావడం లేదు. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపల ఒకటే పోరు. నేను బిల్లు రాసి ఇచ్చాను.

వాళ్ళు వెళ్ళిపోయినప్పట్నుంచి ఒకచోట కూర్చోలేక ఇది రాస్తున్నాను. అది పనికిరాని సరుకని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. పొయ్యి ఏమీ చేయలేదు, జమున ఏమీ చేయలేదు. ఆ పిల్లకి తండ్రి గొంతు లేకుండా చేసింది నేను.

ఇదిగో, రాసేశాను. నాకు గుండె కాస్త తేలికైంది. ఆమెకి కాలేదు.