ఎడమచేతి గంజి

ఆత్మకూరులో నెలకొక ఆదివారం ఇళ్ల చరిత్రలు, ఊళ్ల చరిత్రలు ఎలా వెతకాలో ప్రసంగాలు పెడుతున్నారు. నేను మొదటిసారి వెళ్లిన రోజు నాకు కుర్చీ దొరకలేదు. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీ మీద ఎవరిదో సంచి ఉంది. అది ఎవరిదో ప్రసంగం అయ్యేదాకా తేలలేదు. ముప్పై ఏళ్లు ఉదయగిరి రూట్లో కండక్టరుగా చేసినవాణ్ణి, నిలబడటం నాకు కష్టం కాదు. కానీ ఆ సంచి రంగు ఇప్పటికీ చెప్పగలను.

మాట్లాడినాయన రిటైరైన చరిత్ర లెక్చరరు. పాత దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు, సమాధి రాళ్లు ఎలా చదవాలో బాగానే చెప్పాడు. చివర్లో ఉదాహరణకు వరికుంటపాడు దగ్గరున్న మా ఊరినే తీసుకున్నాడు. పెద్ద కరువులో ఆ ఊరి పెద్దింటి ఇల్లాలు వాకిట్లో గుండిగ పెట్టించి ఊరందరికీ జొన్నగంజి పోసిందట.

నేను చెయ్యెత్తాను. గంజి పోసింది ఆవిడ కాదు, మా అవ్వ, మా నాయనకు తల్లి అన్నాను. ఆధారం అడిగాడు. అవ్వ పోయిన రోజు మా మేనత్త శవం మీద పడి ఏడుస్తూ ఆ సంగతి చెప్పిందని, అప్పటికి నాకు పదేళ్లని, నా చెవులతో విన్నానని చెప్పాను.

"ఏడుపులో చెప్పింది ఆధారం కాదు సార్. పోయినోళ్లందరూ ఆ పూటకు దేవుళ్లే గదా."

ముందు వరుసలో ముగ్గురు నవ్వారు. అందులో ఒకాయన ఒకప్పుడు మర్రిపాడు నుంచి టిక్కెట్టు లేకుండా వచ్చి నాకు దొరికినవాడే. ఈ ప్రసంగాలన్నీ పుస్తకం వేస్తున్నామని, నెలలోపు ఏదైనా తెస్తే మార్చడానికి చూస్తామని లెక్చరరు చెప్పాడు. అంటే నెల దాటితే మా అవ్వ గంజి అచ్చులో పెద్దింటి గంజి అయిపోతుంది.

మర్నాడే మా ఊరికి వెళ్లాను. మేనత్తను ఆ ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి ఆమె ఎక్కడికీ పోలేదు. ఎనభై దాటినా గొంతు గట్టిది. ఎవరు పోయినా ఆమెకు కబురు వస్తుంది. పోయినవాళ్ల బతుకంతా వరసగా చెప్పుకుంటూ ఏడవగలిగిన ఆడవాళ్లు ఆ ఊళ్లో ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఫోను ఆమె ముందు పెట్టి, అవ్వ కోసం ఏడ్చిన ఏడుపు ఒక్కసారి మళ్లీ ఏడవమన్నాను.

"బతికినోళ్ల ఇంట్లో కూసోని సావు ఏడుపు ఏడవమంటావా? మతి ఉండాదా రా నీకు?"

పోనీ మామూలుగా చెప్పు, అవ్వ గంజి పోసిందా లేదా అని అడిగాను. పోసే ఉంటదిలే, అప్పటికి నేను చంకలో పిల్లను, నేనేం చూసినాను అంది. మరి ఎలా ఏడ్చావంటే, మా పెద్దమ్మ సావు ఇళ్లల్లో ఎట్టా ఏడ్చేదో అట్టా ఏడ్చినాను అంది. యాభై ఏళ్లకు పైగా నేను సాక్ష్యమనుకున్నది ఆమెకు ఒక వరస మాత్రమే. బస్సులో ఆత్మకూరు చేరేదాకా నాకు ఏమీ పాలుపోలేదు.

రెండు వారాలకు పెద్దింటి ముసలామె పోయింది. లెక్చరరు చెప్పిన ఇల్లాలికి కోడలు. మేనత్త ఫోను చేసి, నడవలేను, నన్ను చెయ్యి పట్టి తీసుకుపో అంది. ఆ ఇంటి గడప నేను తొక్కి నలభై ఏళ్లు దాటింది. వాళ్ల పెళ్లిలో నెయ్యి వడ్డించేవాడు నా ఆకు దాటి పక్క ఆకుకు వెళ్లాడు. చూడక కాదు, చూసే వెళ్లాడు. అయినా వెళ్లాను. చొక్కా జేబులో ఫోను రికార్డు నొక్కి మరీ వెళ్లాను. దాన్ని మంచిపని అని ఇప్పుడూ అనలేను.

మేనత్త కూర్చుంది, ఏడుపు ఎత్తుకుంది. ముసలామె పుట్టిల్లు, పిల్లలు, మంచాన పడ్డ రోజులు అన్నీ అయ్యాక, గొంతు కొంచెం తగ్గింది.

"వాకిట గుండిగ పెట్టినావే తల్లీ... వచ్చినోళ్లకు వచ్చినట్టు గంజి పోసినావే తల్లీ... ఎడం చేత్తో పోస్తాదని నవ్వినోళ్ల గిన్నె గూడా నింపినావే తల్లీ..."

ఫోను నడుస్తోందో లేదో జేబు తడిమి చూసుకున్నాను. ఆ కరువు నాటికి ఈ ముసలామె ఆ ఇంటికి కోడలుగా కూడా రాలేదు. మరి ఎవరి గురించి ఏడుస్తోంది? ఈమె అత్తగారి గురించా? లేక అందరి శవాల మీదా వాడే వరసేనా? కానీ ఎడం చెయ్యి మా అవ్వది. తన తల్లి కోసం ఏడుస్తోందా, ఇంకొకరి శవం మీద, ఇంకొకరి వాకిట్లో?

దారిలో అడిగాను. నేనట్టా అన్నానా అంది. ఆ పూట నోటికి ఏమొస్తదో నాకేం తెలుసు అంది. వినిపించబోతే నా చెయ్యి తోసేసింది. సావు ఏడుపు పెట్టెలో పెట్టుకుని తిరుగుతున్నావా, ముందు నీళ్లు పోసుకోపో అని తిట్టింది.

నెల నిండకముందే లెక్చరరుకు హాలు వరండాలో ఆ ముక్క వినిపించాను. రెండుసార్లు విన్నాడు. ఈసారి తీసిపారేయలేదు.

"మీ అవ్వది ఎడమచేతి వాటమని ఎలా తెలుసు?"

"నన్ను ఒకసారి కొట్టింది. దెబ్బ ఈ కుడి చెంప మీద పడింది."

ఆయన నా ఎదుట నిలబడి ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి గాలిలో ఆడించి చూసుకున్నాడు. ఎందుకు కొట్టిందని అడిగాడు. సంగటి బాగాలేదని కుక్కకు వేసినందుకు అన్నాను. రాసుకున్నాడు. ఆ దెబ్బను నేను ఇన్నేళ్లూ అవ్వ నాకు చేసిన అన్యాయంగానే మనసులో పెట్టుకున్నాను. దాన్ని ఒకరు ఆధారమని రాసుకుంటారని అనుకోలేదు.

"ఇది చేతికి ఆధారం సార్, గంజికి కాదు. పెద్దింటి ఆవిడది కూడా ఎడం చెయ్యేనేమో. కాదని చెప్పేవాళ్లు ఎవరున్నారు?"

ఎవరూ లేరు. నాకూ తెలియదు. పుస్తకంలో రెండిళ్ల సంగతీ వేశారు, రెండింటి చివరా 'అని చెప్పుకుంటారు' అని పెట్టారు. మా అవ్వది రెండోది. ఎందుకు రెండోదైందని రాసి పంపాను, జవాబు రాలేదు.

పుస్తకం తీసుకెళ్లి మేనత్తకు చదివి వినిపించాను. ఆ నవ్వినోళ్ల మాట ఇందులో లేదే అంది. ఎవరా నవ్వింది, పేర్లు చెప్పు, అవి కూడా వేయిస్తానన్నాను. ఆమె నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది.

"నువ్వు యాడ పుట్టినావురా ఆమె కడుపున పుట్టినోడికి? ఆమే పట్టించుకోలేదు. గిన్నె నింపి పంపించింది."

అయితే గంజి పోసినట్టేనా అత్తా, అన్నాను. ఆమె పుస్తకం నా చేతికి ఇచ్చి, అన్నం పెట్టుకొస్తానని లోపలికి పోయింది.